కారం మిల్లుకు సైక్లోన్, బ్యాగ్ ఫిల్టర్: ఎనిమిది నెలలు వాడాక

మా మిల్లు తెనాలికీ దుగ్గిరాలకీ మధ్య రోడ్డు పక్కనే ఉంటుంది. మిరపకాయలు ఆడించే రోజుల్లో స్కూలు ఆటో అబ్బాయి మా గేటు దగ్గరికి వచ్చేసరికి పిల్లలందరినీ ముక్కులు మూసుకోమని స్పీడు పెంచేవాడు. ఎదురింటి పెద్దావిడ అయితే మొహం మీదే అడిగారు. "ఏమ్మా, మీ కారం మేం కొన్నా కొనకపోయినా తినాల్సిందేనా?" ఆ మాట పడలేకే పోయిన డిసెంబర్‌లో గాలిలోంచి పొడిని విడదీసే సైక్లోన్, మిగిలిన సన్నపొడిని గుడ్డ సంచులతో వడకట్టే బ్యాగ్ ఫిల్టర్, గాలిని లాగే ఫ్యాన్ కలిపి ఒక సెట్ కొన్నాను. మొత్తం నాలుగు లక్షల ఎనభై వేలు, జీఎస్టీ అదనం. తయారు చేసింది ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు. వాళ్ళ పేరు రాయను. మీరు ఎవరి దగ్గర కొన్నా అడగాల్సిన ప్రశ్నలు అవే కాబట్టి పేరుతో పెద్దగా పని లేదు.

ముందు మా దగ్గర ఏముండేదో చెప్తాను. కాయని పొడి చేసే 20 హెచ్‌పీ పల్వరైజర్, దాని గాలి బయటికి పోవడానికి ఒక కాటన్ గుడ్డ సంచి. పాత మిల్లుల్లో మీరూ చూసే ఉంటారు, పొట్ట ఉబ్బిన దిండులా పైనుంచి వేలాడుతుంటుంది. సాయంత్రం మిల్లు ఆపాక దాన్ని కర్రతో కొట్టి దులపాలి. దులిపే కుర్రాళ్ళు ఒక్కొక్కరు రెండు నెలల కన్నా ఎక్కువ నిలిచేవాళ్ళు కాదు. తువ్వాలు రెండు మడతలు చుట్టుకున్నా రాత్రికి కళ్ళు వాచిపోయేవి. బాగా ఘాటైన తేజ రకం కాయ ఆడిన రోజు ఇంకా ఘోరం.

కొత్త సెట్‌లో ముందు సైక్లోన్ గురించి చెప్పాలి, ఎందుకంటే అందులో నాకు నచ్చనిది దాదాపు ఏమీ లేదు. కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టేటప్పుడు గాలి తిన్నగా ఒకవైపుకి వీస్తుంది, గింజ కాళ్ళ దగ్గర పడుతుంది, పొల్లు దూరంగా పోతుంది. సైక్లోన్‌లో ఆ గాలినే గుండ్రంగా తిప్పుతారు. పొడితో నిండిన గాలి పక్కనుంచి దూసుకొచ్చి డ్రమ్ము గోడ వెంట సుడి తిరుగుతుంది. బరువున్న పొడి గోడకు కొట్టుకుని శంకువులోకి జారిపోతుంది. గాలి మాత్రం మధ్యలో ఉన్న గొట్టం గుండా పైకి వెళ్ళిపోతుంది. లోపల తిరిగే భాగం ఒక్కటీ లేదు, అరిగేదీ పెద్దగా లేదు. 1880ల్లో అమెరికాలో దీనికి పేటెంట్ తీసుకున్నది పిండి మిల్లుల దుమ్ము కోసమేనట. అది చదివినప్పుడు మన మిల్లోళ్ళ కోసమే పుట్టిన వస్తువు అనిపించింది.

మా అబ్బాయి మెకానికల్ మూడో సంవత్సరం. సంక్రాంతి సెలవలకి వచ్చినప్పుడు టేపు పట్టుకుని సైక్లోన్ అంతా కొలిచాడు. డ్రమ్ము వ్యాసం 720 మి.మీ. గాలి లోపలికి వచ్చే నోరు ఎత్తు 360, వెడల్పు 144. పైకి పోయే గొట్టం వ్యాసం 360. నిటారు భాగం 1080, కింద శంకువు 1800. "అమ్మా, ఇది స్టేర్‌మాండ్ కొలత" అన్నాడు. 1951లో స్టేర్‌మాండ్ అనే బ్రిటిష్ ఇంజనీరు ఇచ్చిన నిష్పత్తులట. వ్యాసం ఒకటి అనుకుంటే నోరు ఎత్తు అందులో సగం, వెడల్పు ఐదో వంతు, మొత్తం ఎత్తు నాలుగింతలు. మావి టేపు పెట్టి చూస్తే సరిగ్గా కుదిరాయి. ఎక్కడో చూసి అందాజాగా చేసిన డబ్బా కాదని అప్పుడు ధైర్యం వచ్చింది.

వాడే లెక్క కూడా వేశాడు. గంటకు 3000 ఘనపు మీటర్ల గాలి ఆ నోట్లోంచి వెళ్తే వేగం సెకనుకు 16 మీటర్లు. సైక్లోన్‌కి 15 నుంచి 20 మధ్య ఉంటే మంచిదంటారు. ఆ వేగంలో మా కారం లాంటి పొడికి 6 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సైజు దగ్గర సగం దొరుకుతుంది, సగం తప్పించుకుంటుంది. అంతకన్నా పెద్ద రేణువు దొరికిపోయే అవకాశం త్వరత్వరగా పెరుగుతుంది, సన్నది గాలితో పోతుంది. తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఆరు అంటే ఎంత సన్నమో ఊహించుకోండి. మనం కారం అని అమ్మేదంతా సైక్లోన్ కిందే దిగుతుంది. దగ్గు తెప్పించేది పైకి పోతుంది, దాని కోసమే బ్యాగ్ ఫిల్టర్.

పనితనం కూడా బాగుంది. ఎస్ఎస్ 304 స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు, లోపల వెల్డింగ్ గాట్లు నున్నగా గ్రైండ్ చేసి ఉన్నాయి. చెయ్యి పెట్టి తడిమి చూశాను, ఎక్కడా గీరుకోలేదు. ఒక్క జాగ్రత్త చెప్తాను. పొడి దిగడం లేదని మనవాళ్ళు శంకువుని సుత్తితో కొడతారు. సొట్ట పడిందంటే సుడి అక్కడ చెదురుతుంది, పొడి ఇంకా అక్కడే పేరుకుంటుంది. మా దగ్గర సుత్తి నా టేబుల్ సొరుగులో ఉంటుంది, అడిగి తీసుకోవాలి.

మొదటి రెండు నెలలు హాయిగా గడిచింది. రోజుకు నాలుగైదు గంటలే నడిచేది. గంటకు 120 కిలోల కారం, ఫిల్టర్ కింద డబ్బాలో గంటకు రెండు కిలోల లోపు మెత్తటి పొడి. అంటే నూటికి 98 పైనే సైక్లోన్ దగ్గరే దొరుకుతోంది. ఎదురింటి పెద్దావిడ ఒకరోజు "ఏమ్మా, మిల్లు మూసేశారా?" అని అడిగారు. ఇంతకన్నా మంచి సర్టిఫికెట్ ఎవరిస్తారు?

మార్చి నెల సగం దాటాక ఆవకాయ ఆర్డర్లు మొదలయ్యాయి. రోజుకు పది గంటలు నడపాలి. మూడో రోజే పల్వరైజర్ నోట్లోంచి కారం పొగలా ఎగజిమ్మడం మొదలైంది. కింద దిగే కారం పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. రంగు చూస్తే ఎరుపు తగ్గి ఇటుక రంగు తిరిగింది. ఫిల్టర్ కింద డబ్బాలో రోజుకు 40 కిలోలు పడుతోంది. గుంటూరు యార్డు నుంచి నేనే వెళ్ళి తాలు కాయ లేకుండా ఏరి తెచ్చిన సరుకు అది. నా టెన్షన్ మీరే ఊహించుకోండి.

షాపు వాళ్ళకి ఫోన్ చేశాను. "సీజన్‌లో అందరికీ ఇంతే మేడం. టైమర్ తగ్గించి పెట్టండి" అన్నారు. ఫిల్టర్ సంచుల లోపలికి కంప్రెసర్ గాలి ఠప్‌మని కొట్టి, బయట అంటుకున్న పొడిని రాలగొడుతుంది. ఆ దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎంత సమయం ఉండాలో టైమర్‌తో పెడతాం. తగ్గించాం. రెండు రోజులకి ఫ్యాన్ గొట్టంలోంచి ఎర్రటి మసక బయటికి రావడం మొదలైంది. ఎందుకో తర్వాత తెలిసింది. కొత్త గుడ్డలో ఏదైనా వడకడితే మొదట కాస్త మడ్డి దిగుతుంది, గుడ్డ మీద పొర కట్టాక తేటగా వస్తుంది కదా. ఇక్కడా అంతే, గుడ్డ కన్నా దాని మీద కట్టిన పొడి పొరే అసలు జల్లెడ. క్షణక్షణం కొడుతుంటే ఆ పొర నిలవదు, సన్నపొడి గుడ్డలో దూరిపోతుంది.

ఇక మా బాబాయిని పిలిపించాను. పల్నాటి వైపు ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. సిమెంట్ వాళ్ళకి సైక్లోన్లు కొత్త కాదు, అక్కడ ఇల్లంత సైక్లోన్లు ఒకదాని మీద ఒకటి గోపురంలా పేర్చి రాతిపొడిని వేడి చేస్తారు. మా దాన్ని చూసి ముందు నవ్వాడు. "ఏంటమ్మాయ్, బొమ్మలకొలువులో పెట్టుకునేంత ఉంది."

తర్వాత మేస్త్రీలు గోడలకి లెవెల్ చూసుకునే ప్లాస్టిక్ గొట్టం రెండు మీటర్లు తెమ్మన్నాడు. దాన్ని చెక్క మీద యూ ఆకారంలో మేకులు కొట్టి నిలబెట్టాడు. సగం వరకు నీళ్ళు పోసి, కనపడాలని రెండు చుక్కలు బట్టల నీలం వేశాడు. సైక్లోన్‌కి ముందొకటి, వెనకొకటి చిన్న రంధ్రాలు, వాటికి బిరడాలు ఉన్నాయి. గాలి ఒత్తిడి చూపించే గేజి పెట్టుకోడానికట, గేజి మాత్రం ఇవ్వలేదు. గొట్టం రెండు కొసలూ ఆ రెండింటికీ తగిలించాడు. ఫ్యాన్ వెయ్యగానే నీలి నీళ్ళు ఒకవైపు దిగి, ఇంకోవైపు ఎక్కాయి. ఆ ఎత్తుల తేడాయే రెండు చోట్ల గాలి ఒత్తిడిలో తేడా. మా అబ్బాయి పాత స్కూలు స్కేలుతో కొలిచి తేడా 45 మి.మీ. అన్నాడు. ఫిల్టర్‌కి మార్చి తగిలిస్తే నీళ్ళు స్కేలు చివరిదాకా వచ్చేలా ఉన్నాయి. 240. రెండు అంకెలూ గోడ మీద సుద్దముక్కతో రాసి కాసేపు చూస్తూ నిలబడ్డాడు.

"దీని జబ్బు దీనిది కాదమ్మాయ్, పక్కదానిది."

సరైన గాలి వెళ్తుంటే ఈ కొలతల సైక్లోన్ 95 దాకా చూపించాలి. ఆ తేడా గాలి వేగానికి వర్గంగా మారుతుంది కాబట్టి, 45 అంటే గాలి మూడింట రెండు వంతులకి పడిపోయింది. అబ్బాయి ఫోన్‌లో లెక్కేశాడు, వేగం 16 నుంచి 11కి వచ్చేసింది. ఫిల్టర్ ఊపిరాడక ఫ్యాన్ బలమంతా అదే మింగేస్తోంది. ఇక అక్కణ్ణుంచి ఒకదానికొకటి తగులుకున్నాయి. గాలి తగ్గితే పల్వరైజర్ చల్లబడదు. కాయ వేడెక్కితే రంగు పోతుంది, నూనె ఊరుతుంది. ఆ జిడ్డు పొడి సంచులకి అట్టలా పట్టేస్తుంది, గాలి ఇంకా తగ్గుతుంది. నేనేమో నెల రోజులుగా సైక్లోన్‌ని తిట్టుకుంటున్నాను.

ఫిల్టర్ తలుపు తెరిపించి సంచులు లెక్కపెట్టాడు. 25. ఒక్కోటి వ్యాసం 150 మి.మీ., పొడవు రెండు మీటర్లు. విప్పి పరిస్తే ఒక్కో సంచి చదరపు మీటరు కూడా రాదు, 0.94. అన్నీ కలిపి 23.6 చదరపు మీటర్ల గుడ్డ. నిమిషానికి 50 ఘనపు మీటర్ల గాలి దాంట్లోంచి పోవాలి. భాగిస్తే 2.1. కారం లాంటి మెత్తటి, నూనె ఉన్న పొడికి అది ఒకటిన్నర దాటకూడదు అన్నాడు బాబాయి. రోజుకు నాలుగు గంటలు నడిపినప్పుడు రాత్రంతా ఆగి ఉండి కాస్త కోలుకునేది కాబట్టి బయటపడలేదు. సీజన్ పని పడేసరికి చతికిలబడింది.

నాకు ఎక్కువ కోపం వచ్చింది ఇక్కడే. వాళ్ళిచ్చిన కాగితంలో ఫ్యాన్ 7.5 హెచ్‌పీ అని, "99.9 శాతం దుమ్ము పడుతుంది" అని పెద్దక్షరాల్లో ఉంది. గుడ్డ ఎన్ని చదరపు మీటర్లో ఎక్కడా లేదు. 99.9 ఎంత సైజు రేణువుకో కూడా లేదు. ఇసుకకైతే నా పాత గుడ్డ సంచి కూడా 99.9 పడుతుంది. మీరు కొనేటప్పుడు ఈ ఒక్కటి అడగండి: గాలి నిమిషానికి ఎంత, గుడ్డ ఎంత, రెండూ భాగిస్తే ఎంత. చెప్పడానికి నసిగితే బయటికి వచ్చేయండి. సంచుల సంఖ్య చెప్తే సరిపోదు, పొడవూ వ్యాసమూ కూడా కావాలి.

బాబాయి ఇంకొకటి కూడా పట్టుకున్నాడు. సైక్లోన్ కింద పొడి దిగే చోట రోటరీ వాల్వ్ ఉంటుంది, నెమ్మదిగా తిరుగుతూ పొడిని వదులుతుంది, గాలిని రానివ్వదు. సైక్లోన్ లోపల అంతా పీల్పుడే కదా, కింద సందుంటే బయటి గాలి శంకువులోకి ఎగదన్ని దిగుతున్న పొడిని మళ్ళీ పైకి తీసుకుపోతుంది. ఎక్కడ లీకో చూద్దామని నేను పూజగదిలోంచి అగరుబత్తి తెచ్చాను, పొగ ఎటు పోతుందో తెలుస్తుందని. వెలిగించబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "పొడి ఉన్నచోట నిప్పా? బుద్ధుందా?" అన్నాడు. కుట్టుమిషన్ డబ్బాలోంచి దారం తెప్పించి, ఆ ముక్కని వాల్వ్ చుట్టూ నెమ్మదిగా తిప్పాడు. ఒకచోట దారం సర్రున లోపలికి పోయింది. అంచు గాస్కెట్ నలిగి ఉంది, వాల్వ్ రెక్కల రబ్బర్లు అరిగాయి. బాగుచేయడానికి రెండు వేలు కూడా కాలేదు. వేగం పడిపోవడంతో పోయిన దానికన్నా ఈ సందు వల్లే ఎక్కువ సరుకు ఫిల్టర్‌కి పోయిందని ఆయన లెక్క.

నిప్పు సంగతి వచ్చింది కాబట్టి చెప్తాను. కారం, పసుపు, పిండి, పంచదార, ఇలా కాలే గుణమున్న ఎండు పొడి గాలిలో తగినంత మబ్బుగా లేచి ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. 2008 ఫిబ్రవరిలో అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఒక చక్కెర ఫ్యాక్టరీలో పంచదార పొడి పేలి 14 మంది పోయారు. బ్యాగ్ ఫిల్టర్ అంటే అలాంటి మబ్బుని పెట్టెలో పెట్టి మూసినట్టే. మాకు వచ్చిన ఫిల్టర్‌కి పేలుడు ఒత్తిడి బయటికి పోయే వెంట్ ప్యానెల్ లేదు. సంచులు కూడా మామూలు పాలిస్టర్ ఫెల్టువే, స్టాటిక్ కరెంటు భూమిలోకి పోయే రకం కాదు. ఎర్తింగ్ ఒక్క బోల్టుతో సరిపెట్టారు. పల్వరైజర్ ముందు మేకులు పట్టే అయస్కాంతం మాకు ముందునుంచీ ఉంది కాబట్టి బతికిపోయాం అనుకుంటాను.

బాగుచేయడానికి రెండు దారులు కనిపించాయి. పక్కన ఇంకో చిన్న ఫిల్టర్ పెట్టడం, లేదా ఉన్నదాని ఎత్తు పెంచడం. స్థలం లేదు కాబట్టి రెండోదే చేశాం. తెనాలిలో ఒక వెల్డింగ్ షాపు అబ్బాయితో పెట్టెని మధ్యకి కోయించి, మీటరు ఎత్తు కొత్త పట్టీ అతికించాం. షెడ్డు రేకులు రెండు విప్పి పైకి చిన్న గూడు కట్టాల్సి వచ్చింది. సంచులు అవే 25, కానీ మూడు మీటర్ల పొడవు. గుడ్డ 35 చదరపు మీటర్లకి వచ్చింది, భాగిస్తే 1.4. ఈసారి స్టాటిక్ పోయే దారం కలిసినవి, పైన పీటీఎఫ్‌ఈ పొర (నాన్‌స్టిక్ పెనానికి వేసేలాంటిది) ఉన్నవి తీసుకున్నాం. ఖరీదు మామూలు వాటికి రెట్టింపు పైనే, కానీ నూనె పొడి పట్టుకోకుండా తేలిగ్గా రాలిపోతుంది. వెంట్ ప్యానెల్ రోడ్డు వైపు కాకుండా వెనక ఖాళీ దొడ్డి వైపు పెట్టించాం. సంచులు, వాటి లోపల నిలబెట్టే తీగ పంజరాలు, కూలీ అన్నీ కలిపి లక్షా నలభై వేలు అయింది. సీజన్ మధ్యలో ఆరు రోజులు మిల్లు ఆగిపోయింది. ఆ ఆరు రోజుల ఆర్డర్ల సంగతి తలుచుకోను.

తర్వాత మళ్ళీ నీలి నీళ్ళ గొట్టం తగిలించాం. సైక్లోన్ 92, ఫిల్టర్ 95. ఆ చెక్క ఇప్పుడు మిల్లు గోడకి శాశ్వతంగా ఉంది, రోజూ పొద్దున చూసి క్యాలెండర్ మీద రాస్తాను. కారం గోరువెచ్చగానే దిగుతోంది, రంగు నిలబడింది. డబ్బాలో పది గంటలకు 18 కిలోలు పడుతోంది, అది అదే రోజు అదే రకం సరుకులో కలిపేస్తాం.

ఇంకా తీరని ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. వానాకాలం కంప్రెసర్ ట్యాంకులో నీళ్ళు చేరతాయి, వదలకపోతే గాలితో పాటు సంచుల్లోకి కొడుతుంది, పొడి ముద్దవుతుంది. పొద్దున్నే డ్రెయిన్ తిప్పడం మర్చిపోయిన కుర్రాడికి ఆ రోజు టీ లేదు. రెండోది పసుపు. పసుపు మార్కెట్‌కి పేరున్న దుగ్గిరాల పక్కన ఉండి పసుపు ఆడకపోతే ఎలా? కానీ కారం ఆడిన సంచులతో పసుపు ఆడితే ఎక్కడో ఒక ఎర్రరేణువు దిగుతుంది. మా పసుపు కొనేవాళ్ళు కూరల్లోనే వాడరు, మొహానికి రాసుకుంటారు! కాబట్టి పసుపుకి వేరే సంచుల సెట్ కొని పెట్టాను. మార్చడానికి ఇద్దరికి సగం రోజు పడుతుంది. రెండు రకాలూ ఆడేవాళ్ళు కొనేటప్పుడే ఈ ఖర్చు లెక్కలో వేసుకోవాలి. తలుపు పక్కనుంచి కాకుండా పైనుంచి తెరుచుకునే రకం దొరికితే అదే తీసుకోండి, మార్చడం తేలిక.

మార్కులు అడిగితే సైక్లోన్‌కి ఐదుకి నాలుగున్నర, గేజి ఇవ్వనందుకు అర తగ్గించాను. ఫిల్టర్‌కి వచ్చినప్పటి రూపానికి ఒకటిన్నర. ఫోన్‌లో ఇచ్చిన సలహాకి మార్కులు లేవు. పోయిన వారం ఆ షాపు ఆయనే ఫోన్ చేసి, వేరే కస్టమర్లకి మా మిల్లు చూపించొచ్చా అని అడిగారు. రమ్మన్నాను, ఎత్తు పెంచిన బిల్లు కూడా చూపిస్తానన్నాను. ఇంకా రాలేదు.

ఎదురింటి పెద్దావిడకి ఇప్పుడు ఘాటు తగలడం లేదు. కాకపోతే పది సెకన్లకోసారి వచ్చే ఆ ఠప్ శబ్దానికి మధ్యాహ్నం నిద్ర పట్టడం లేదట. అందుకని రెండింటి నుంచి మూడున్నర దాకా మిల్లు ఆపుతున్నాం. మా కుర్రాళ్ళు కూడా ఆ వేళకే పడుకుంటున్నారు.